సంచి కింద కాగితం

2009 నవంబరు పదమూడు, శుక్రవారం. ఎర్ర చిక్కుడు గింజలు కలిపి వేయించిన అన్నం, నూనెలో దోరగా వేగిన మాగిన అరటి ముక్కలు, ఉప్పు జున్ను. ఒతీలియా మూడుసార్లు వడ్డించింది. ఫెర్మీన్ మూడుసార్లూ పళ్లెం ఖాళీ చేసి, నాలుగోసారి వద్దు వదినా అంటూనే అరటి ముక్క ఒకటి వేళ్లతో లాక్కున్నాడు. ఆ పళ్లెం పక్కనే, జున్ను తడి అంటకుండా నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. ఆ కాగితం గుర్తుండిపోవడం వల్లనే ఫెర్మీన్ అన్న ఎవారిస్తోకి ఆ భోజనమూ మెతుకు మెతుకుగా గుర్తుండిపోయింది. సోమవారం చెరకు కోత మొదలు. కోతకు పేరు రాయించుకునే ప్రతివాడి రక్తమూ ఫ్యాక్టరీ వాళ్లు ముందు పరీక్ష చేస్తారు. అందులో కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ అంకె ఒకటిన్నర దాటితే కత్తి చేతికివ్వరు. "చదువుకున్నోడివి నువ్వే గదన్నా, ఏం రాశారో చూడు, ఆ నర్సమ్మ తల అడ్డంగా ఊపి ఊరుకుంది" అన్నాడు ఫెర్మీన్, నోట్లో ముద్దతోనే. ఎవారిస్తో కళ్లజోడు పెట్టుకున్నాడు. ఒకటి పాయింట్ తొమ్మిది. "ఇంతేనా, రెండు కూడా కాలేదు గదరా" అన్నాడు. ఇరవై రెండేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాడు, దశాంశం పక్కన తప్పు చేస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టినవాడు, ఆ మాట అన్నాడు. ఒతీలియా పొయ్యి దగ్గర ఇటు తిరగకుండా నిలబడింది. ఆమె వీపు ఇప్పటికీ కనిపిస్తుంది, నీలం జాకెట్టు, భుజాల మధ్య చెమట మరక.

ఎనిమిదేళ్ల తర్వాత ఈ రాత్రి, ఎవారిస్తో ఫ్యాన్ కట్టేశాడా? కట్టేశాడు. రెక్కలు ఆగేదాకా నిలబడి చూశాడు కూడా. తలుపు వేశాడు, గడియ పెట్టాడు, గడియ పడిందో లేదో భుజంతో నొక్కి చూశాడు, అడుగున తడిగుడ్డ కుక్కాడు. ఇవాళ అన్నీ రెండేసిసార్లు చేశాడు. మూతికి గుడ్డ, మోచేతుల దాకా సబ్బు, గోళ్లు, మళ్లీ సబ్బు. సాయంత్రం కుళాయి వచ్చింది, అది ఒక మేలు; మొన్నటి నుంచి రానిది ఇవాళ ఆరు కొట్టేసరికి బొటబొటమని వచ్చింది. కిడ్నీల బదులు పొట్టలో ఉండి రక్తాన్ని శుభ్రం చేసే ద్రవం సంచి మధ్యాహ్నమంతా రేకు మీద నల్లగుడ్డ కింద ఎండలో పెట్టి తీసింది, ఒంటి వేడికి సరిగ్గా ఉంది. దాన్ని దూలానికి కొట్టిన మేకుకు తగిలించి, ఖాళీ సంచిని కింద బేసినలో పెట్టి, ఫెర్మీన్ పొట్టలోంచి బయటికి వేలాడే గొట్టాన్ని కలిపాడు. కుళాయి తిప్పినట్టు చిన్న మరను తిప్పగానే లోపలున్నది కిందికి రావడం మొదలైంది. బేసినమీద తువ్వాలు కప్పాడు, అలవాటు ప్రకారం. వచ్చేది చూడటం ఫెర్మీన్‌కి గిట్టదు. అంతా అయ్యాక, ఆ నిండిన సంచిని ఎత్తి బల్లమీద పరిచిన అచ్చు కాగితం మీద పెట్టి, దాని గుండా అక్షరాలు చదవాలి. చదవగలిగితే మంచిది. చదవలేకపోతే పొట్టలో చీము పుట్టిందన్నమాట. ఇప్పటికి రెండుసార్లు పుట్టింది. మూడోసారి పుడితే గొట్టం తీసేయక తప్పదనీ, ఆ పొట్ట ఇక ఈ పనికి రాదనీ, తర్వాత పట్నంలో రక్తం శుభ్రం చేసే యంత్రం మీదికే వెళ్లాలనీ డాక్టరు చెప్పాడు. యంత్రం దగ్గర కుర్చీలు ఎన్నో, వాటికోసం చూసేవాళ్లు ఎందరో ఆయన చెప్పలేదు. ఆయన కిటికీ వైపు చూశాడు, అంతే.

ఆ చూపు ఎవారిస్తోకి తెలుసు. తనకూ ఉంది ఆ చూపు. గుణకారం రాని పిల్లవాడి తల్లి వచ్చి, వీడు బాగుపడతాడా మేస్టారూ అని అడిగితే తనూ కిటికీ వైపే చూసేవాడు. కిటికీలో ఇప్పుడు ఏమీ కనపడదు, బిగించి ఉంది, అద్దం మీద బూడిద. కోత రోజులు. మధ్యాహ్నం నుంచి చెరకు తోటలు తగలబెడుతున్నారు. ఆకు కాలి గడ మిగిలితే తెల్లవారి నరకడం తేలిక. నల్లటి రేకులు గాలిలో తేలుతూ వచ్చి ఊరంతా వాలుతాయి, ఆరేసిన దుప్పట్ల మీద, అన్నం మీద, చర్చి మెట్ల మీద. పిల్లలు వాటిని అరచేతిలో పట్టుకుని ఊదుతారు. గురువారం సాయంత్రం ఒకటి ఈ గదిలోకి వచ్చింది. గడియ సరిగ్గా పడలేదు, గాలికి తలుపు బెత్తెడు తెరుచుకుంది, చీమ రెక్కంత నల్ల రేకు ఒకటి తొందరేమీ లేకుండా తిరుగుతూ తిరుగుతూ వచ్చి దుప్పటి మీద వాలింది, విప్పిన గొట్టం మొనకు జానెడు దూరంలో. వేలితో తీయబోతే నలిగి మరకయింది. ఆ సంచి పారేసి కొత్తది విప్పాల్సింది. నెలకు లెక్కపెట్టి ఇచ్చే సంచులు; ఒకటి పారేస్తే నెలాఖరున ఒక పూట సంచి లేకుండా గడపాలి. దేవుడి దయ అనుకుని ఆ సంచినే కలిపేశాడు. ఎవరికీ చెప్పలేదు. ఒతీలియా ఉంటే ఆమెకు చెప్పేవాడు, ఆమె కాఫీ తెచ్చి చేతికిచ్చేది.

"ఇవాళ నెమ్మదిగా వస్తోందన్నా" అన్నాడు ఫెర్మీన్.

"నువ్వు కాస్త పక్కకు తిరుగు. మడత పడి ఉంటుంది."

తిరిగాడు. తిరిగేటప్పుడు పళ్లు బిగించాడు. బిగించిన సంగతి దాచడానికి ఆవలించాడు. ఎవారిస్తో రెండూ చూశాడు. మధ్యాహ్నం రెండు గంటలకు వెయ్యాల్సిన సంచిని ఫెర్మీన్ ఒక్కడే వేసుకుంటాడు, ఎవారిస్తో బడిలో ఉంటాడు కాబట్టి. నిండిన దాన్ని పారబోయకుండా బల్ల మీదే ఉంచుతాడు, అన్న వచ్చి చదవడానికి. ఇవాళ ఐదింటికి ఇల్లు చేరేసరికి సంచి ఖాళీగా, కడిగి, తీగ మీద వేలాడుతోంది. ఏంరా అంటే, ఎండకు వాసన కొడుతోందని పారబోశానన్నాడు. పొద్దున్న పెట్టిన గుడ్డు పళ్లెంలో అలాగే ఉంది. నుదురు పట్టుకోబోతే తల వెనక్కి తీశాడు. అప్పటికే పట్నం వెళ్లే ఆఖరి బస్సు వెళ్లిపోయింది. మళ్లీ నాలుగింటికి, తెల్లవారుజామున. ఎవారిస్తో ఏమీ అడగలేదు. అడిగితే చెబుతాడు, చెబితే రాత్రంతా ఆ మాటతో ఇద్దరూ ఈ ఇంట్లో కూర్చోవాలి.

ఆ శుక్రవారం ఒతీలియా ఇటు తిరిగి ఒక్క మాటే అంది, "ఆ అంకె వాళ్లకు తెలిసిందిగా, మనకెందుకు చిన్నదిగా కనిపిస్తోంది?" అని. ఎవారిస్తో నవ్వాడు. ఫెర్మీన్ నవ్వాడు. తర్వాత ఇద్దరూ వాకిట్లోకి వెళ్లారు, అక్కడ ఫెర్మీన్ తల గోక్కుంటూ అన్న కార్డు అడిగాడు. ఊళ్లో అందరూ చేసేదే. పరీక్షలో తప్పినవాడు మరొకడి గుర్తింపు కార్డు పట్టుకుని గుత్త మేస్త్రీ దగ్గర పేరు రాయించుకుంటాడు. మేస్త్రీ రక్తం అడగడు, కార్డు మీద బొమ్మనూ పట్టి చూడడు. ఎవారిస్తో కార్డు మీద బొమ్మ తనకు ముప్పై ఏళ్లప్పటిది, పద్నాలుగేళ్లు చిన్నవాడైన తమ్ముడిలాగే ఉంటుంది. ఇచ్చాడు. జేబులోంచి తీసి, చొక్కాకు తుడిచి మరీ ఇచ్చాడు. రెండు కోతలు ఫెర్మీన్ ఎవారిస్తో పేరు మీద చెరకు నరికాడు. కార్డులో ఉద్యోగం ఉపాధ్యాయుడని ఉండేసరికి ముఠా అంతా అతన్ని మేస్టారనే పిలిచింది. రెండో తరగతిలో బడి మానేసినవాడు సాయంత్రాలు మసి మొహంతో వచ్చి గుమ్మంలో నిలబడి, "అన్నా, ఇవాళ మేస్టారు ఏడు టన్నులు నరికారు, నువ్వేం నరికావు?" అనేవాడు. కళ్ల చుట్టూ తెల్లగా, మిగతాదంతా నలుపు. ఒతీలియా నీళ్లు పోస్తుంటే ఆ నీళ్లు నల్లగా కాలువ కట్టేవి.

ఏం తాగేవాడు అక్కడ? ఒక డబ్బా నీళ్లు మోసుకెళ్లేవాడు, పదింటికే వేడెక్కిపోయేవి, తాగితే వాంతి వస్తుందని పుక్కిలించి ఉమ్మేవాడు. నీడ ఉండేది కాదు. నీళ్లకు ఆగితే టన్ను తగ్గుతుంది. నడుము పట్టేస్తే మాత్ర, కాళ్లు పట్టేస్తే మాత్ర, మూత్రం మంటపుడితే మేస్త్రీ పెళ్లాం అమ్మే సూది. మంట అందరికీ ఉండేది, జలుబు చెప్పుకున్నట్టు చెప్పుకునేవాళ్లు దాని గురించి. ఒకనాడు పెరట్లో మూత్రానికి వెళ్లొచ్చి, "చింతపండు పులుసులా ఉందన్నా" అని నవ్వాడు. తర్వాత నురగ. తర్వాత పాదాలు ఉబ్బి చెప్పు పట్టకపోవడం, వేలితో నొక్కితే గుంట అలాగే నిలవడం, రాత్రంతా దురద, నోట్లో ఇనుము రుచి, ఆగని ఎక్కిళ్లు. ఈ కిడ్నీ రోగం ఎందుకొస్తుందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఎండ అన్నారు. మందులు చల్లిన బావినీళ్లన్నారు. మాత్రలన్నారు. తెల్లకోట్ల వాళ్లు వచ్చి సీసాల్లో నీళ్లు, సీసాల్లో మూత్రం పట్టుకెళ్లారు. వాళ్లు వచ్చిన ప్రతిసారీ ఊరు వాళ్లకు కాఫీ ఇచ్చింది. ఎవారిస్తో తరగతిలో ఒక ఏడాది హాజరు పిలుస్తూ తల ఎత్తి చూస్తే, ముప్పై ఒక్కమందిలో తండ్రి బతికున్నవాళ్లు పధ్నాలుగు మంది. ఆడవాళ్లు మిగిలిన ఊరు ఇది. భార్య పోయి మిగిలిన మగవాడు తానొక్కడే. రొమ్ములో గడ్డతో ఒతీలియా పోయినప్పుడు ఆ వీధి ఆడవాళ్లు తనను ఎలా చూడాలో తెలియక, తమలో ఒకరిని చూసినట్టే చూశారు. వాళ్ల వంతుల్లోనే తనకూ ఒక వంతు వేశారు, మంగళవారం రొట్టె, శనివారం పులుసు.

తమ్ముడికి తన కిడ్నీ ఒకటి ఇస్తానన్నాడు. రాజధాని దాకా వెళ్లి చొక్కా విప్పి పడుకున్నాడు, వాళ్లు తీసుకుంటారనే అనుకున్నాడు, సంచిలో రెండు రోజుల బట్టలు కూడా పెట్టుకున్నాడు. మీకు చక్కెర వ్యాధి ఉంది, మీవే జాగ్రత్తగా చూసుకోండి అన్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన ఒకావిడ కమలాపండు ఒలిచి సగం ఇచ్చింది, ఏమీ అడగకుండా. ఆ సగం పండు తిన్నాడు. తినకూడదని అప్పుడే చెప్పారు, అయినా తిన్నాడు.

గోడ అవతల కుర్చీ కదిలిన చప్పుడు, ఆ వెంటనే తలుపు బయట చెప్పుల చప్పుడు.

"మేస్టారూ, తలుపు తీయకండి, నేనే." పక్కింటి తొమాసా. గోడ ఒకటే రెండిళ్లకూ. భర్తనూ ఇద్దరు కొడుకులనూ ఈ రోగానికే ఇచ్చిన మనిషి. "పులుసు తెచ్చా, గుమ్మం దగ్గర పెడుతున్నా. అరటికాయ వెయ్యలేదు, చిక్కుళ్లు వెయ్యలేదు, కొబ్బరి వెయ్యలేదు, ఉప్పు వెయ్యలేదు. మరి ఏం వేశానో నాకే తెలీదు."

"వేడినీళ్లు తెచ్చావని చెప్పొచ్చుగా పిన్నీ" అన్నాడు ఫెర్మీన్ పడుకునే.

"ఓరి నీ నోరు పడిపోనూ. కిడ్నీలు రెండూ పోయాయి గానీ నాలుక మాత్రం కొత్తదిలా ఉంది నీకు!"

"కావాలంటే నాలుక ఇస్తా, నీ కిడ్నీ ఒకటి ఇవ్వు."

"నా కిడ్నీతో నువ్వు కూడా నాలాగే వీధివీధంతా తిరిగి కబుర్లు మోయాలి, చూస్కో మరి." గొంతు కాస్త తగ్గింది. "మేస్టారూ, చదివారా?"

"ఇంకా లేదు."

"చదివాక గోడమీద రెండు కొట్టండి. నేను మేలుకునే ఉంటా."

చెప్పుల చప్పుడు వెనక్కి పోయింది. రోజూ ఇంతే, అక్షరాలు కనిపించాయని చెప్పే రెండు దెబ్బలు వినిపిస్తే ఆమె దీపం ఆర్పుతుంది. మేకుకున్న సంచి ఇప్పుడు లోపలికి దిగుతోంది, సన్నగా, చప్పుడు లేకుండా, రెండు లీటర్ల తీపినీళ్లు. తమ్ముడి పొట్ట మెల్లగా ఎత్తుగా లేస్తోంది. అందరికీ ఇన్ని పనులు లోపల వాటంతటవే జరిగిపోతాయి. నిద్రపోతుంటే కూడా జరుగుతాయి. చక్కెర ఉన్నా ఈ ముసలి ఒంట్లో పిడికెడంత గింజలు రెండు ఏ జీతమూ లేకుండా ఈ నిమిషంలో కూడా వడపోస్తూనే ఉన్నాయి. అది తలుచుకుంటే తనకు తన నడుము మీద సిగ్గు పుడుతుంది.

అయిపోయింది. బిగించాడు, విప్పాడు, మొనకు మూత పెట్టాడు. బేసినలోంచి నిండిన సంచిని తువ్వాలుతో సహా ఎత్తుకున్నాడు, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు కింద చెయ్యి వేసి. వెచ్చగా ఉంది, తమ్ముడి వేడి. బల్ల మంచానికి నాలుగడుగుల దూరం, గోడ వైపు. దానిమీద ఎప్పుడూ ఒకటే కాగితం ఉంటుంది, దుమ్ము పడకుండా పైన ఒక గుడ్డ కప్పి: పన్నెండేళ్ల నాటి పత్రికలో ఆటల పేజీ, జిల్లా జట్టు బేస్‌బాల్‌లో గెలిచినప్పటిది, సన్న అక్షరాలు. ఫెర్మీనే దాచుకున్న పేజీ. అక్షరాలు కనిపిస్తున్నాయని చెబితే చాలదు వాడికి, చదివి వినిపించాలి. రోజూ ఒక నాలుగు వాక్యాలు. ఏడాదిన్నరగా చదివీ చదివీ ఎవారిస్తోకి కంఠతా వచ్చేసింది. వినీ వినీ ఫెర్మీన్‌కీ వచ్చి ఉంటుంది. గుడ్డ లాగుతూనే సంచిని దించాడు. వీపు మంచం వైపు ఉంది. దీపం దగ్గరికి జరిపాడు. వంగాడు.

బియ్యం కడిగిన నీళ్లు.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వంగాడు. అరచేత్తో సంచిని పలచగా నొక్కాడు, మూలకు, మడతలో ద్రవం తక్కువగా ఉండేచోట, అక్కడైనా. తెలుపు. పాలు విరిగినట్టు ఒక పోగు మెల్లగా తిరిగింది. గురువారం నాటి రేకు, గడియ, వేలికి అంటిన మరక. రెండు కూడా కాలేదు గదరా. నీలం జాకెట్టు.

"ఏమన్నా, కనిపిస్తోందా?"

రాత్రికి బస్సు లేదు. నాలుగింటి బస్సుదాకా ఏడు గంటలు. నిజం చెబితే ఆ ఏడు గంటల్లో ఒక్కటీ తక్కువ కాదు.

"కనిపిస్తోందిరా" అన్నాడు.

"అయితే చదువు."

"తొమ్మిదో ఇన్నింగ్స్‌లో" అని మొదలుపెట్టాడు, తెల్లటి సంచి మీద వేలు ఆనించి, పిల్లలకు చూపించేటట్టు వరుస వెంట జరుపుతూ, "ఇద్దరు అవుటై, మూడు బేస్‌ల మీదా మన ఆటగాళ్లు నిలిచి ఉండగా, మైదానమంతా లేచి నిలబడింది. చినుకులు మొదలయ్యాయి. ఆ పొట్టి కుర్రవాడు టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు." గొంతు నిలకడగానే వచ్చింది. ముప్పై ఏళ్లు బడిలో అరిచిన గొంతు, దానికి తెలుసు ఏం చెయ్యాలో.

"ఇంకొంచెం చదువు."

"బంతి కంచె దాటి, రోడ్డు దాటి, చెరకు తోటలో పడింది. దాన్ని ఈ రోజు వరకూ ఎవరూ వెతికి తేలేదు."

"నేను వెతికా" అన్నాడు ఫెర్మీన్, రోజూ అనేటట్టే. "దొరకలేదు." దుప్పటి పైకి లాక్కున్నాడు. "బాగా చదివావన్నా. ఇవాళ ఇంకా బాగా చదివావు."

ఇప్పుడు గోడమీద కొట్టాలి. ఎవారిస్తో చెయ్యి సంచి మీద నుంచి లేవలేదు. అవతల తొమాసా కూర్చుని ఉంది, ఆమెతో కూడా అబద్ధం ఆడాలంటే చెయ్యి బరువెక్కింది. మంచం కిర్రుమంది. ఫెర్మీన్ మోచేతి మీద లేచి, ఎముకలు తేలిన పిడికిలితో గోడమీద రెండు కొట్టాడు. అవతలి నుంచి "దేవుడా, నీ దయ" అన్న మాట సన్నగా వినిపించింది. ఆమె దీపం ఆరింది. తలుపు సందులోని వెలుగు గీత పోయింది.

"నాలుగింటి బస్సుకు లేపు" అన్నాడు ఫెర్మీన్ గోడ వైపు తిరిగి పడుకుంటూ. "నా తెల్లచొక్కా ఉతికే ఉంది."

ఎవారిస్తో బల్ల వైపు తిరిగాడు. సంచిని పట్నం తీసుకెళ్లాలి, నర్సులు అడుగుతారు. బకెట్లో పెట్టడానికి ఎత్తాడు. కింద ఆటల పేజీ లేదు. జానెడేసి ఎర్ర అక్షరాలున్న కాగితం ఒకటి ఉంది, అంచులకు జిగురు, గోడ సున్నం అంటుకుని. సర్కస్ వచ్చింది. అంతే, రెండే మాటలు. వీధి మూల మీది కొట్టు గోడకు అంటించిన కాగితం అది. ఇక్కడి నుంచి ఆ కొట్టుకు ఎనిమిది ఇళ్లు, ఉబ్బిన పాదాలతో, మిట్టమధ్యాహ్నం, బూడిద పడుతుండగా. రెండు గంటల సంచిని సన్న అక్షరాల మీద పెట్టి చూసుకుని ఉంటాడు వాడు. చదవడం రాకపోయినా కనిపించడం లేదని తెలియదా. ఇంకాస్త పెద్దవైతే అన్నకు కనిపిస్తాయేమోనని గోడల వెంట వెతుక్కుంటూ వెళ్లి ఉంటాడు. ఊళ్లో వాటికంటే పెద్ద అక్షరాలు లేవు. తను ఆట చదువుతున్నంతసేపూ కింద ఆ ఆట లేదని వాడికి తెలుసు.

కాగితం మడిచాడు. బకెట్ మీద మూత పెట్టాడు. వాకిట్లోకి వెళ్లి పట్నం ఆసుపత్రి నర్సుకు ఫోను చేస్తే, జ్వరం ఎంతుందో అడిగి, రాత్రికి ఏం మాత్ర వెయ్యాలో చెప్పి, మొదటి బస్సుకే తీసుకురండి మేస్టారూ, నేను గేటు దగ్గరే ఉంటాను అంది. అంత రాత్రి ఫోనెత్తింది, గేటు దగ్గర ఉంటానంది. మాత్ర వేసి, నీళ్లు రెండు గుక్కలే ఇచ్చి, తెల్లచొక్కా కుర్చీ మీద పరిచాడు. గుమ్మం దగ్గరి పులుసు గిన్నె మూతమీద అప్పటికే బూడిద పడి ఉంది.

ఫెర్మీన్ కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రో కాదో చూడలేదు. పరుపు అంచు కింద నుంచి ఆటల పేజీ కొన బయటికి కనిపిస్తోంది, దాన్ని అలాగే ఉండనిచ్చాడు. దీపం తగ్గించాడు. గాలి తోటల వైపు నుంచే వీస్తోంది. ఎవారిస్తో గదిలోంచి వెనక్కి అడుగులు వేసుకుంటూ వచ్చి, రెండు చేతులతో తలుపును పట్టుకుని, కీలు చప్పుడు కాకుండా కొంచెం పైకెత్తి దగ్గరికి వేశాడు, గడియ పడేదాకా భుజంతో నొక్కి, తడిగుడ్డ బయటి నుంచి కుక్కి, కాసేపు అక్కడే నిలబడ్డాడు.